మంచిగుంది అనొద్దు

మొన్న గురువారం సాయంత్రం పెద్దమ్మ ఊరి నుంచి ఫోన్ చేసింది. నిలబడి మాట్లాడుతున్న అమ్మ మెల్లగా కుర్చీలో కూలబడింది. ఫోన్ పెట్టేశాక, "వెల్డింగ్ అన్న పోయిండట. నెల దాటిందట" అంది.

బాపు టీవీ గొంతు తగ్గించాడు. "మంచి మనిషి" అన్నాడు.

"మంచోడు, పాపం" అంది అమ్మ.

అంతే. కాసేపటికి టీవీ గొంతు మళ్లీ మునుపటంత అయింది. నేను నా గదిలోకి వచ్చి డైరీ తీశాను. "మామ పోయాడు. మంచివాడు" అని రాసి, రెండో ముక్క కొట్టేశాను. ఆ మాటను మామ ఒప్పుకునేవాడు కాదు.

వారం నుంచి ఆ కొట్టేసిన మాట పక్కన ఏం రాయాలా అని కూర్చుంటున్నాను. నాలుగు వాక్యాలు రాయగానే నీరసం వస్తుంది. పెన్ను మూసి, కిటికీలోంచి ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలు చూస్తాను. మళ్లీ తెరుస్తాను.

ఆయన మాకు చుట్టం కాదు. మెట్‌పల్లి దగ్గర మా అమ్మ పుట్టిన ఊరివాడు. ఇక్కడ ఈ అరబ్బు దేశంలో, జుబైల్‌లో, బాపు టైమాఫీసులో పనిచేసే కంపెనీలోనే వెల్డర్. ఊరి వరసన అమ్మకు అన్న, కనుక బాపుకు బావ, నాకు మామ. నన్ను పేరు పెట్టి పిలిచినట్టు గుర్తు లేదు, కోడలా అనేవాడు. నా డైరీల్లో కూడా ఆయన పేరు ఎక్కడా లేదు. ఇక్కడా రాయను.

పొట్టి మనిషి. మోచేతుల కింద నిప్పురవ్వలు పడి తెల్లమచ్చలు. ఎప్పుడూ ఎండలోంచి అప్పుడే లోపలికి వచ్చినట్టు కళ్లు చికిలించేవాడు. కానీ కొత్తవాళ్లకు ముందు కనబడేది ఆయన భుజాన ఉండే గుడ్డసంచి. మట్టిరంగు, పెద్ద గుండీ, పొట్టి పట్టీ. అది యుద్ధం నాటి గ్యాస్ మాస్కు సంచి.

సరిహద్దు అవతల యుద్ధం మొదలయ్యే ముందు, విషవాయువు బాంబులు పడతాయేమోనని కంపెనీ పనివాళ్లకు మాస్కులు పంచింది. పెళ్లాం పిల్లలకు లేవు. కిటికీలకు టేపులు అంటించుకుని, స్నానాల గది తలుపు కింద తడి తువ్వాలు దోపుకుని ఉన్నాం. అప్పుడు నాకు పదమూడేళ్లు. ఒక మధ్యాహ్నం మామ పనివాళ్ల క్యాంపు నుంచి నడుచుకుంటూ వచ్చి, సంచిలోంచి తన మాస్కు తీసి నా మొహానికి తొడిగాడు.

"ఎట్లున్నది కోడలా వాసన?"

నేను ఇంటికొచ్చిన వాళ్లతో మాట్లాడే పిల్లను కాను. కానీ మాస్కు లోపల మొహం కనబడదు కదా. "కొత్త చెప్పుల దుకాణంల కూసున్నట్టున్నది" అన్నాను.

మామ ఎంత గట్టిగా నవ్వాడంటే వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"బావా, అది నీ ప్రాణానికి ఇచ్చిండ్రు. పిల్లకు తొడుగుతవేంది?" అన్నాడు బాపు.

"నా మొఖానికి అది పట్టదు. మీసం అడ్డమొస్తున్నది."

"తీసెయ్ మీసం."

"ఎవడో బాంబు ఏస్తడని నేను మీసం గీకించుకోవాల్నా? మాస్కు పిల్లకు, సంచి నాకు. ఖలాస్."

ఆ సంచి నిండా ఖుబూస్ రొట్టెలు నింపుకుని తిరిగాడు ఆ ఆరు వారాలూ. సైరన్ మోగితే హోటళ్లు షట్టర్లు దించేసేవి. క్యాంపు మెస్సులో ఒక పూట ఉంటే ఒక పూట లేదు. యుద్ధం అయిపోయాక కూడా ఆ సంచిలో ఒక ఖుబూస్ నాలుగు మడతలు పెట్టి ఉండాల్సిందే. రోజూ పాతది పావురాలకు వేసి కొత్తది పెట్టేవాడు. ఎందుకు మామా అంటే, "షట్టరు దించినప్పుడు తెలుస్తది రొట్టె ఏందో" అనేవాడు.

తర్వాత ఆయన్ను సరిహద్దు దగ్గర పైపుల మరమ్మతుకు పంపారు. ఆ నెలల్లో ఇక్కడ జుబైల్‌లోనే మేడ మీద ఆరేసిన తెల్లబట్టల మీద నల్లటి చుక్కలు పడేవి. అక్కడ మండుతున్న చమురు బావుల పొగకు పట్టపగలు లైట్లు వేసుకుని పనిచేశారట. తిరిగొచ్చేసరికి మామ చొక్కా ఆయనకే పెద్దదైంది. వచ్చిన వారానికే అమ్మతో అన్నాడు. "చెల్లే, ఇగ గురువారం పొయ్యి బందు. బయట తిందాం. నువ్వు వండినట్టు ఎవడు వండుతడో తిరిగి చూద్దాం."

అట్లా మొదలైంది మా గురువారాల తిరుగుడు.

జుబైల్ పెద్ద ఊరేం కాదు. కానీ ప్లాంట్లలో ఎన్ని దేశాల వాళ్లు పనిచేస్తే పాతబజారు చుట్టుపక్కల అన్ని దేశాల పొయ్యిలు. ఒకే వీధిలో పాకిస్తానీ కడాయి, పక్కన మలబారు పరోటా, ఎదురుగా టర్కీ వాళ్ల మాంసం సీకులు, మలుపులో అఫ్ఘన్ల రొట్టెల బట్టీ, ఇంకొంచెం పోతే యెమన్ వాళ్ల మందీ అన్నం, ఆ వెనక ఫిలిప్పీన్ వాళ్ల చిన్న హోటలు. ప్రతిదానికీ రెండు తలుపులు. ఒకటి ఒంటరి మగవాళ్లకు. రెండోది కుటుంబాలకు. కుటుంబాల వైపు చెక్క గదులు, ప్రతి గదికీ తెర. తెర వేసుకున్నాక మేం ఎవరికీ కనబడం. నాలాంటి దానికి అంతకంటే సుఖమైన చోటు ఇంకోటి లేదు.

మామ భార్యాపిల్లలు ఊళ్లో. ఇక్కడ ఆయన సింగిల్. బాపు కౌంటర్ దగ్గర "మా ఆవిడ అన్న" అని చెప్పి ఆయన్ను మాతో పాటు తీసుకొచ్చేవాడు. ఫ్యామిలీ తలుపు ముందు మామ ఒక్క క్షణం ఆగేవాడు. కాలరు సవరించుకునేవాడు. చెప్పులు కడపకు రాసి దులిపేవాడు. "పన్నెండేండ్లు ఆ సింగిలోళ్ల దర్వాజలకెల్లి పోయిన. ఇప్పుడు పెద్దమనిషినైన" అని లోపలికి అడుగుపెట్టేవాడు. ప్రతి గురువారం అదే ఆగడం, అదే మాట. బాపు విసుక్కునేవాడు. "నడు బావా, పెండ్లికొడుకు లెక్క ఆగుతవేంది."

మెనూ కాగితం ఎప్పుడూ ముట్టుకునేవాడు కాదు. తెర పక్కకు జరిపి వెయిటర్‌ను పిలిచి, ఏ దేశం వాడైతే ఆ భాషలో ఒక ముక్కతో పలకరించి, "భాయ్, తుమ్ జో ఖాతే, వహీ లాఓ" అనేవాడు.

"మెనూ ఉన్నది గద బావా" అనేవాడు బాపు.

"మెనూ రాసినోడు ఈడ తింటడా? వండినోడు తినేది తినాలె."

అట్లా మేం ఏ హోటల్లోనూ బోర్డు మీద ఉన్నవి తినలేదు. పళ్లెం రాగానే మామ మొదటి ముద్ద నాకు పెట్టించేవాడు. "ఎట్లున్నది?"

"మంచిగుంది."

"మంచిగుంది అనొద్దు. మంచిగుంది అంటే నాకేం తెలుస్తది?"

మొదటి రెండు మూడు వారాలు నేను తల వంచుకుని రొట్టె చించుతూ కూర్చున్నాను. "దానికి మాటలు రావన్నా" అంది అమ్మ. "వస్తయ్. మాస్కుల నుంచి వచ్చినయ్" అన్నాడు మామ. ఊరికే ఎదురుచూసేవాడు. నేను చెప్పేదాకా తన చెయ్యి పళ్లెంలో పెట్టేవాడు కాదు. ఆయన ఆకలి నా వల్ల ఆగిందని సిగ్గేసి చెప్పడం మొదలుపెట్టాను.

అఫ్ఘన్ బట్టీలోంచి అప్పుడే తీసిన తమీస్ రొట్టె: ఎండకు కాగిన మట్టిగోడకు వీపు ఆనిచ్చినట్టున్నది. దాంతో ఇచ్చే ఉడికిన చిక్కుడు గింజలు: పొద్దున మిగిలిన గుడాలు మళ్లీ వెచ్చవెట్టి జీలకర్ర చల్లినట్టున్నది. టర్కీ వాళ్ల రొట్టె మీది నల్ల గింజలు: పక్కింట్ల ఎవరో ఉల్లిగడ్డ కోస్తున్నట్టున్నది. మలబారు చేపలకూర: తలకు కొబ్బరినూనె పెట్టుకుని చేపలు తిన్నట్టున్నది. దానికి అమ్మ పొలమారి దగ్గింది. యెమన్ వాళ్ల మందీ అన్నం: తడికట్టెల పొయ్యి ముందు నుంచి లేచొచ్చిన అమ్మమ్మ చీర లెక్కున్నది.

నేను చెబుతుంటే మామ కళ్లు మూసుకుని నమిలేవాడు. ఊరి నుంచి వచ్చిన క్యాసెట్‌లో మనిషి గొంతు వింటున్నట్టు మెల్లగా తల ఊపేవాడు. ఇంటికొచ్చాక ఆ మాటలన్నీ డైరీలో రాసుకునేదాన్ని. వారం మొత్తం మీద నేను గట్టిగా మాట్లాడిన మాటలు అవే. పదో తరగతి ఇక్కడి బడిలో ముగించి, ఇంటర్ ప్రైవేటుగా కడుతూ, పుస్తకాల మధ్య నాలుగు గోడల్లో ఉండేదాన్ని. గురువారం కోసం మంగళవారం నుంచే మాటలు వెతుక్కునేదాన్ని.

ఒకరోజు బాపు నవ్వుతూ వచ్చాడు. "మీ అన్న కవి అయిండే. క్యాంపుల అందరికీ చెప్తున్నడు, మందీ అన్నం అంటే అమ్మమ్మ చీర అట." నాకు సంతోషమేసింది. నా మాట నా కంటే దూరం పోయింది కదా అని. ఆయనకు మాత్రం ఆ మాట ఎందుకంత అవసరమైందో ఆలోచించలేదు.

మామకు ఒక ఆశ ఉండేది. అది రహస్యం కాదు. ఎవరు కూర్చోబెట్టినా చెప్పేవాడు. "ఇంక రెండేండ్లు. ఎగ్జిట్ కొట్టించుకుని ఊరికి పోత. మెట్‌పల్లి బస్టాండ్ల హోటల్ పెడత. మన దిక్కు ఎవడు తినంది పెడత."

"మెట్‌పల్లోళ్లు యెమన్ తిండి తింటరా?" అనేవాడు బాపు.

"బస్సు దిగినోనికి ఆకలైతది బావా. ఆకలైనోడు ఏ దేశమని అడగడు."

వెయిటర్లు ఖాళీగా ఉన్నప్పుడు వంటగది గుమ్మం దాకా పోయి ఏది ముందు వేస్తున్నారో, ఎంతసేపు మూత పెడుతున్నారో చూసి వచ్చేవాడు. వచ్చి కూర్చుని నన్ను మళ్లీ అడిగేవాడు. "ఇప్పుడు చెప్పు, జీలకర్ర ముందు తగుల్తున్నదా, ఎనకనా?"

నా మాటలు ఆయనకు ఎందుకంత అవసరమో తెలిసిన సాయంత్రం మేం పాకిస్తానీ హోటల్లో ఉన్నాం. మగ్రిబ్ అజాన్ అయింది. నమాజు వేళ ఇక్కడ హోటల్ మూయాలి. లోపల తింటున్నవాళ్లను లోపలే ఉంచి షట్టరు దించుతారు, దీపాలు తగ్గిస్తారు, పనివాళ్లు మసీదుకు పోతారు. ఆ ఇరవై ముప్పై నిమిషాలు బయటికి పోలేం, ఏదీ అడగలేం. నాకు ఆ చీకటి ఇష్టం. అమ్మ చేతులు కడుక్కోవడానికి పోయింది. బాపు కౌంటర్ దగ్గర ముసలి మేనేజర్‌తో మాట్లాడుతున్నాడు. తెర వెనక నేను, మామ.

వంటగదిలో ఏదో పొంగి పొయ్యి ఆరినట్టుంది. ముందు సన్నగా, తర్వాత గుప్పున గ్యాస్ వాసన వచ్చింది. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మామ వైపు చూశాను. మామ నోట్లో సిగరెట్టు ఉంది. అగ్గిపెట్టె తెరిచి పుల్ల తీసి, గీయడానికి పట్టుకున్నాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మామా, గ్యాస్ వాసన!"

"ఏడ?"

ఆ ఒక్క ముక్కతో నాకు అర్థమైంది. ఆయన ముక్కు ఎగబీల్చాడు. ఒకసారి, రెండుసార్లు. కుక్క కొత్త మనిషిని చూసినట్టు మొహం అటూ ఇటూ తిప్పాడు. అప్పటికి వంటగదిలోంచి ఎవరో "గ్యాస్ బంద్ కరో" అని అరిచారు. వెనక తలుపు తెరిచారు. అమ్మ కొంగుతో విసురుకుంటూ వచ్చి, "ఏం వాసనే తల్లీ, కడుపుల తిప్పుతున్నది" అని మళ్లీ నీళ్ల దగ్గరికి పోయింది.

మామ అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు.

"సరిహద్దు కాడ పనిచేసినప్పుడు పోయింది కోడలా. మొదలు జలుబనుకున్న. ఉప్పు తెలుస్తది, కారం తెలుస్తది, పులుపు తెలుస్తది. గని కండ్లు మూసుకుంటే నోట్లె ఉన్నది కోడో చేపో తెల్వది. నువ్వు చెప్తే తెలుస్తది."

నేను అగ్గిపెట్టెను గుప్పిట్లో బిగించాను.

"మీ బాపుకు చెప్పకు. ముక్కు పోయిందంటే ప్లాంటు గేటు దాటనియ్యరు. ఎగ్జిటే. రెండేండ్లే గద. ఒట్టు."

ఒట్టేశాను. షట్టరు లేచింది, దీపాలు వెలిగాయి. మామ చల్లారిన రొట్టె చించుతూ అమ్మతో, "మీ ఆయన ముసలోనితోని ఏం ముచ్చట పెడుతుండే, ఆడ పిల్లనేమన్న చూస్తున్నడా?" అని నవ్వించాడు. నా గుప్పిట్లో అగ్గిపెట్టె చెమటకు మెత్తబడింది.

అప్పటి నుంచి గురువారాలు మారిపోయాయి. ఇదివరకు అది ఆట. ఇప్పుడు పని. ఒక్క వాసన వదిలినా ఆయన పళ్లెంలోంచి దొంగిలించినట్టుండేది. ఏలకులున్నాయా, నిమ్మ ఎండబెట్టి వేశారా, నెయ్యి ఎక్కువ కాగిందా, అన్నీ పట్టిపట్టి చూసి చెప్పేదాన్ని. నాకోసం నేను ఒక్క ముద్ద తిన్నట్టుండేది కాదు. కొన్ని వారాలు తలనొప్పి అని చెప్పి మానేద్దామనుకున్నాను. మామ కూడా అలిసిపోతున్నాడు. కళ్లు వెల్డింగ్ మంటకు నీళ్లు కారుతుండేవి. మాట మధ్యలో కునుకు తీసేవాడు. లేచి, "ఆఁ, చెప్పు, వింటున్న" అనేవాడు.

అట్లా ఏడాది గడిచింది. తర్వాత షట్‌డౌన్ వచ్చింది. అంటే ప్లాంటు మొత్తం ఆపి, తొట్లలోకి, పైపుల్లోకి మనుషులు దిగి మరమ్మతులు చేసే రోజులు. బుధవారం సాయంత్రం బాపు ఇంట్లో టైపు మిషన్ ముందు కూర్చుని ఎవరికి ఏ పనో జాబితా కొడుతున్నాడు. చాయ్ పెడుతూ కాగితం మీదికి చూశాను. మామ పేరు ఎదురుగా 'హోల్ వాచ్' అని ఉంది.

"హోల్ వాచ్ అంటే ఏంది బాపూ?"

"తొట్టి లోపల మనుషులు పనిచేస్తుంటే బయట మూతి కాడ ఒకడు కూసుండాలె. గ్యాస్ గిట్ల వస్తే హారన్ కొట్టి లోపలోళ్లను బయటికి గుంజాలె. బావకు కండ్లు మంచిగ లెవ్వు గద, కూసుండే పని ఇయ్యిమని ఫోర్‌మన్‌కు నేనే చెప్పిన." బాపు సంతోషంగా చాయ్ తాగాడు. "మీటరు ఉంటది గని, బావ కొత్తోళ్లకు ఏం చెప్తడో ఎరుకేనా? ముందు ముక్కు, తర్వాత మీటరు అంటడు."

ఆ కింద లోపలికి దిగేవాళ్ల పేర్లు ఆరు ఉన్నాయి. ఒక్కరి మొహం కూడా నాకు తెలియదు. పేర్లు మాత్రం రెండుసార్లు చదివాను.

మామ తనంతట తాను చెబుతాడనుకున్నాను. మరునాడు గురువారం టర్కీ హోటల్లో అడిగాను కూడా. బాపు వినకుండా, "హోల్ వాచ్ వద్దు మామా" అన్నాను.

"మీటరు ఉంటది" అన్నాడు. రొట్టె ముక్క వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు. "ఏడాదైపోయింది. ఇంకొక్క ఏడాది కోడలా." ఆ రోజు ఎట్లున్నదని అడగలేదు.

శనివారం నుంచి పని మొదలు. శుక్రవారం మధ్యాహ్నం బాపు భోంచేసి పడుకున్నాడు. జాబితా టైపు మిషన్ పక్కనే ఉంది. బాపును లేపి నోటితో చెప్పాలి. గుమ్మం దాకా పోయి మూడుసార్లు వెనక్కి వచ్చాను. ఒట్టు మాట ఒక కారణం. కానీ నిజం చెప్పాలంటే, ఒట్టు లేకపోయినా నా నోట్లోంచి ఆ మాట వచ్చేది కాదేమో. చివరికి డైరీ తెచ్చి, కొత్త పేజీలో ఒక్క వాక్యం రాశాను. "మామకు యుద్ధం అయినప్పటి నుంచి ఏ వాసనా తెలియదు." ఆ పేజీ తెరిచి టైపు మిషన్ మీద పెట్టి, వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

బాపు లేచాడు. కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత చొక్కా వేసుకుని బయటికి పోయాడు. నేను గదిలోకి వెళ్లేసరికి డైరీ మూసి నా పుస్తకాల మధ్య పెట్టి ఉంది. దాని గురించి బాపు ఆ రోజూ అడగలేదు, ఈ రోజు దాకా అడగలేదు.

పని మొదలుకాకముందే కంపెనీ డాక్టరు మామ కళ్లు మూయించి దూదితో పరీక్ష చేశాడట. మొదటి దూదికి మామ "స్పిరిట్" అన్నాడట. అది పిప్పరమెంటు నూనెట. రెండోదానికి ఏమీ అనలేదట. మూడు వారాల్లో పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ పడింది. అమ్మ చాలా బాధపడింది. "ఎవడు పెట్టిండో పుల్ల, వాని నోరు వడిపోను" అంది, పొయ్యి ముందు కూర్చుని. నేను పక్కనే కూరగాయలు తరుగుతున్నాను.

పోయే ముందు గురువారం మామే హోటల్ ఎంచాడు. ఫిలిప్పీన్ వాళ్లది. అప్పటికి రెండుసార్లు పోయాం కానీ, వాళ్లు తినే చేపల పులుసు దొరకలేదు. ఫ్యామిలీ తలుపు ముందు ఆగాడు. కాలరు సవరించుకున్నాడు. పెద్దమనిషినైన అనే మాట మాత్రం అనలేదు. బాపు కూడా నడు అనలేదు.

గిన్నెలో పులుసు వచ్చింది. చింతపండు, చేప, ముల్లంగి, ఏదో ఆకు. అమ్మకు చెమటలు పోస్తున్నాయని ఫ్యాను పెంచమని చెప్పడానికి బాపు లేచాడు. అమ్మ కూడా మొహం కడుక్కోవడానికి పోయింది.

"మీ బాపు ఏం చెప్పలే" అన్నాడు మామ. "గని ఆ ముచ్చట ఎరుకున్నది నీకొక్కదానికే."

నేను చెంచా తుడుస్తూ కూర్చున్నాను.

"కోపం లేదంటే అబద్ధమైతది. పండుకుంటే వస్తున్నది కోపం. మళ్ల ఆ ఆరుగురు యాదికొస్తరు. నేను చెప్పాల్సింది, నువ్వు చెప్పినవ్." పులుసు గిన్నె నా ముందుకు జరిపాడు. "అది చెప్పినవ్ గద. ఇది కూడా చెప్పు. ఎట్లున్నది?"

చెంచాతో తాగాను. ఆయన చెయ్యి పళ్లెం బయట పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు, మొదటి గురువారం లాగే.

"మంచిగుంది" అన్నాను.

ఈసారి మామ అనొద్దు అనలేదు. "సరే" అని గిన్నె తన వైపు లాక్కుని, తల వంచుకుని, చివరిదాకా తాగాడు. ఆ రోజు కళ్లు మూసుకోలేదు.

తెల్లవారి పొద్దున ఎయిర్‌పోర్టు బస్సుకు బాపు ఒక్కడే పోయాడు. సంచి మామ భుజానే ఉందట. అందులో ఖుబూస్ కూడా.

పెద్దమ్మ ఫోన్‌లో చెప్పిన మిగతా సంగతులు అమ్మ నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది. మెట్‌పల్లి బస్టాండు ఎదురుగా రేకుల షెడ్డు వేశాడట. అందరూ చేసినట్టే మిర్చీలు, చాయ్. దాంతో పాటు వారానికి ఒకరోజు చేపల పులుసు, పోపు లేకుండా, ముల్లంగి ముక్కలు వేసి. "పోపు మర్చిపోయినవ్ పెద్దమనిషీ" అని నవ్వేవాళ్లట. "అది గంతే" అనేవాడట.

"తిన్నోళ్లను ఊకె పోనియ్యకపోతుండెనట" అంది అమ్మ. "ఎట్లున్నదో చెప్పి పో అని బల్ల కాడ నిలవడుతుండెనట. మంచిగున్నది అంటే ఒప్పుకోకపోతుండెనట. బస్సు పోతది తాతా అని ఉరుకుతుండిరట జనం. ముసలితనంల చాదస్తం అంటున్నది మీ పెద్దమ్మ."

"నువ్వేమన్నవే?" అని అడిగాను.

"నేనేమంట? మంచోడు అన్న."

ఆరేళ్లు ఆ షెడ్డులో నిలబడి ఆయన అడిగిన దానికి జవాబు నా దగ్గర ఉంది. ఉత్తరం రాసి ఉండొచ్చు. ఎన్నిసార్లో మొదలుపెట్టి, నమస్కారాల దగ్గరే ఆపేశాను. ఇప్పుడు ఇంకెవరూ అడగరు. అయినా కొట్టేసిన మాట పక్కన చోటు మిగిలి ఉంది కనుక రాస్తున్నాను.

మామా, ఆ రోజు పులుసుది చింతపండు పులుపే. మన పులుపే. గని పోపు లేదు గద, అందుకని నాలిక మీద ఆగదు, సక్కగ చెవుల కిందికి పోతది. చేప వాసన తక్కువ, అల్లం వాసన అసలే లేదు. ముల్లంగి ఉడికి ఉడికి తన ఘాటు మర్చిపోయింది. ఆకు మన తోటకూర లెక్కనే ఉన్నది, ఇంకింత నీళ్లదనం. మొత్తానికి ఎట్లున్నదంటే, మన ఇంట్ల ఎవరో పులుసు పొయ్యి మీద పెట్టి, పోపు ఏసేలోపల బయటికెల్లి పిలుపొస్తే లేచిపోయినట్టున్నది.